గేటు తీసినారా?

కర్పూరం, వత్తులు, పసుపు, అగరొత్తులు అన్నీ పొట్లం కట్టి, అలవాటు చొప్పున పైన ఒక అగ్గిపెట్టె పెట్టాను. మాది వేలూరు బజారులో పూజా సామాన్ల కొట్టు. ఎవరికి ఏం కట్టినా చివర్న అగ్గిపెట్టె పెట్టడం మా మామగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. కొనడానికొచ్చిన అమ్మాయి పొట్లం సంచిలో వేసుకుని, అగ్గిపెట్టెను మాత్రం వేలితో నా వైపుకి తోసేసింది.

"ఇది వొద్దక్కా. అమ్మ పటం ముందర అగ్గిపెట్టె పెట్టను. పొయ్యి మీద వత్తి ముట్టించుకోనొచ్చి దీపం పెడతా."

అప్పుడు తెలిసింది నాకు, ఆ అమ్మాయి వాళ్ళమ్మ, మేమంతా పెద్దమ్మ అనే మనిషి, పోయిందని. డబ్బులు లెక్కపెట్టకుండానే గల్లాలో వేశాను. పక్కన కూర్చుని చిల్లర సర్దుకుంటున్న మా ఆయన కూడా తలెత్తి చూశాడు.

ఆమె పేరు రాయను. రాసినా ఆమెకు చెందదు, ఎందుకో తర్వాత చెబుతాను. మా ఊళ్ళోనే తొరపాడి హాల్లో అందరూ గుడియాత్తం పెద్దమ్మ అనేవాళ్ళు, నేనూ అదే అనేదాన్ని.

హాలంటే ఒక కల్యాణమండపంలో భోజనాలు పెట్టే చోటు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో, మతిమరుపు అప్పుడప్పుడే మొదలైన పెద్దవాళ్ళ కోసం దాన్ని ఇచ్చేవాళ్ళు. నలుగురిలో కూర్చోబెట్టి ఆటలూ పాటలూ ఆడిస్తే, చేతికీ బుర్రకీ ఏదో ఒక పని చెబుతూ ఉంటే, మనిషి ఇంకొంతకాలం మనిషిగా నిలబడుతుందని డాక్టరు చెప్పాడు. అందుకని మా అత్తను తీసుకుపోయేదాన్ని. మండపం ఓనరు పార్టీ మనిషి. గోడకి తన నాయకుడి పటం ఉండనిస్తే బాడుగ వద్దన్నాడు. పటం ఉండనిచ్చారు.

మా అత్త సంగతి కూడా చెప్పాలి. నేను చిత్తూరు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె నన్ను గడప దాటనిచ్చేది కాదు. ఇప్పుడు నేనామెను దాటనివ్వను. ఒకసారి ఎవరూ చూడకుండా మెట్లు దిగి, బస్టాండు దాకా పోయి, చిత్తూరు బస్సెక్కి కూర్చుంది. అప్పట్నుంచీ నేను కింద కొట్లో ఉన్నంతసేపూ పైన ఇంటికి బీగం, బీగంచెవుల గుత్తి నా నడుముకి. ఇద్దరం కలిసి ఒక్క గడప దగ్గరే ముసలివాళ్ళమైపోతున్నాం.

కల్యాణమండపం కదా, మా అత్తకి అక్కడికి పోవడమంటే ప్రతిసారీ పెళ్ళికి పోవడమే. పట్టుచీర లేకుండా కదిలేది కాదు. పోయిన దగ్గర్నుంచీ పెళ్ళికొడుకు వాళ్ళు ఎక్కడ దిగారు, సాంబారు ఎవరు చేస్తున్నారు అని ఆరాలు. పెద్దమ్మ కూర్చునేది ఆమె పక్కనే, తలుపు దగ్గరి కుర్చీలో. చెప్పులు విప్పేది కాదు. సంచి ఒళ్ళోనే. కుర్చీ అంచున, ఇప్పుడో ఇంకాసేపటికో లేవబోయే మనిషిలాగా కూర్చునేది.

"పెండ్లికొడుకోళ్ళు వచ్చినారా మే?" అని మా అత్త అడిగేది.

"బస్సొస్తే గదా వచ్చేది. బస్సు రాలా ఇంగా," అని పెద్దమ్మ బదులు చెప్పేది.

ఇద్దరూ తృప్తిగా తలలూపుకునేవాళ్ళు. ఆ హాల్లో అంత పొందిగ్గా మాట్లాడుకునే జంట ఇంకోటి లేదు.

ఆటలు ఆడించేది ఒక తమిళ పిల్ల. పెద్దవాళ్ళంతా టీచరమ్మా అనేవాళ్ళు. ముందు బోర్డు మీద ఈ రోజు ఏ వారమో చెప్పించేది. తర్వాత పప్పులు ఏరించడం, చుక్కలు పెట్టి ముగ్గు వేయించడం, పాట సగం పాడి మిగతా సగం పాడించడం. మధ్యలో ఇప్పుడు ముఖ్యమంత్రి ఎవరు అని అడిగేది. ఆ ఒక్కటీ అడక్కుండా ఉండాల్సింది. ఆ గుంపులో ఇద్దరు ముసలాయనలు ఉండేవాళ్ళు, ఒకాయనది ఒక కళగం పార్టీ, ఇంకొకాయనది దాన్ని చీల్చుకుపోయిన ఇంకో కళగం. ఇద్దరూ ఎప్పుడో కాలం చేసిన తమ తమ నాయకుల పేర్లు గట్టిగా చెప్పేవాళ్ళు. చెప్పి ఊరుకోరు, ఒకరి మీద ఒకరు చేతికర్రలు ఎత్తేవాళ్ళు. పెళ్ళాం పేరు అడిగితే నీళ్ళు నమిలే మనుషులు, ఎదుటి పార్టీ మీద కోపం మాత్రం ఒక్క రవ్వ కూడా మరిచిపోలేదు.

పెద్దమ్మను అడిగితే, "ఎవురైతే మనకేమి టీచరమ్మా, గేటు తీసినారా లేదా అది జెప్పు," అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

బంతి ఆట ఒకటుండేది. బంతి ఎవరి చేతికి వస్తే వాళ్ళు తమ పేరు చెప్పి ఇంకొకరికి వెయ్యాలి. పెద్దమ్మ బంతి పట్టుకుని, ప్రతిసారీ వాళ్ళక్క పేరు చెప్పేది. సొంత పేరు మరిచిపోయింది అని టీచరమ్మ బాధపడేది. ఇంకా ఉన్నాయి ఆమె అలవాట్లు. ఒంటికి పోవాలంటే లేచి నిలబడి ఒక వేలు పైకెత్తేది, ఎవరో ఒకరు పో అనేదాకా అలాగే నిలబడేది. ఎవరైనా తినడానికి ఏమైనా ఇస్తే ముందు వాళ్ళ చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. ఎందుకో ఆమె కూతురికీ తెలియదు.

ఒకరోజు పెద్ద డాక్టరు వస్తున్నాడని చెప్పారు. చేతిలో ఫైళ్ళు, వెనకాల ఇద్దరు మనుషులు. డాక్టరు లోపలికి అడుగుపెట్టగానే తలుపు దగ్గరి కుర్చీ ఖాళీ. పెద్దమ్మ లేదు. టీచరమ్మ బయటికి పరిగెత్తింది, నేను లోపల వెతికాను. పెళ్ళి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన గుట్ట వెనకాల, గోడకీ గుట్టకీ మధ్య సందులో, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది.

"ఏం పెద్దమ్మా, ఈడ కూసోనుండావు?" అన్నాను.

నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "కూసోమ్మా, కూసో. ఆపీసరు వచ్చినాడు. పొయ్యేదాకా నోరు తెరవొద్దు."

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆమె భయంతో వణుకుతోంది, నాకేమో, దేవుడా, హాయిగా ఉంది. అవతల మా అత్త నా పేరు పెట్టి పిలుస్తోంది. నేను పలకలేదు. ఎవరికీ కనబడని చోట ఊరికే కూర్చుని ఎన్నేళ్ళయిందో అనిపించింది. డాక్టరు పోయాక కూడా పెద్దమ్మే నన్ను లేపాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం బస్టాపులో పెద్దమ్మ కూతురు మొత్తం చెప్పింది. పెద్దమ్మ పుట్టింది గుడియాత్తం పక్కన ఒక పల్లె. వాళ్ళ నాన్న ఇళ్ళు కట్టే పనికి పోయేవాడు. ఆ కాలంలో అక్కడ ఎటు చూసినా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలే. ఇంకా తెల్లవారకముందే బస్సు వచ్చి హారను కొట్టేది, ఆడపిల్లలు నిద్రకళ్ళతో ఎక్కేవాళ్ళు. పెద్దమ్మ అక్కకి పెళ్ళయిపోతే, ఆ పేరు మీదే చెల్లెల్ని పంపించారు. పని మానేసేదాకా మేస్త్రి ఆమెను అక్క పేరుతోనే పిలిచాడు. ఎవరైనా ఆఫీసరు చూడ్డానికి వస్తే చిన్నపిల్లల్ని పుల్లల గోతాల వెనక దాచేవాళ్ళు. లోపల అంత అగ్గిమందు, అన్ని పుల్లలు పెట్టుకుని, పిల్లలు ముందే వెళ్ళిపోతారని గేటుకి బీగం వేసేవాళ్ళు.

"ఇవన్నీ అమ్మ మాకు ఎబ్బుడూ చెప్పుకోలేదక్కా," అంది ఆ అమ్మాయి. "మా పిన్ని చెప్పింది. అమ్మ నోట్లో నుంచి ఇబ్బుడు వస్తా ఉండాయి, మతి పోతా ఉంటే."

పెద్దమ్మ తనంతట తాను చెప్పే కథ ఒక్కటే. పాత సంగతులు చెప్పుకునే రోజున టీచరమ్మ ఎవరి వైపు చూసినా ఈమే ముందు అందుకునేది. ఎలక్షన్ల కాలం. పెద్ద నాయకుడు, అక్కడి మాటలో తలైవర్, గుడియాత్తం వస్తున్నాడు, మైదానం నిండాలి. ఫ్యాక్టరీ మేనేజరే వచ్చి గేటు తీయించి, పట్టపగలు ఆడపిల్లలందరినీ బస్సెక్కించి, చేతికొక జెండా ఇచ్చి పంపించాడు.

"పగులు ఎండ ఎట్లుంటాదో ఆ పొద్దు చూసినా," అనేది. "పొయ్యేటబ్బుడు చీకటి, వచ్చేటబ్బుడు చీకటి గదా మాకు. ఆ పొద్దు గేటు తీసినారు. ఎర్ర ఐసు తిన్నాము. మోచెయ్యి దాకా కారిపాయ."

"ఏ జెండా? మాదా, వాళ్ళదా?" అని ముసలాయనలిద్దరూ కుర్చీల్లోంచి లేచేవాళ్ళు.

"జెండాకి కట్టె ఉండాది నాయనా. మంచి కట్టె. మా పుల్లల కంటే ఎంతో పెద్దది."

నాయకుడు ఏం మాట్లాడాడో, ఎలా ఉన్నాడో, ఏ పార్టీనో ఆమెకి అక్కర్లేదు. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారాయో, ఎన్ని మిక్సీలూ ఫ్యాన్లూ ఊరికే పంచారో కూడా అక్కర్లేదు. ఆమెకి తెలిసిన రాజకీయమంతా ఆ గేటు తెరుచుకున్న రోజే.

ఆ అగ్గిపెట్టెల సంగతి టీచరమ్మ చెవిన పడింది. టీచరమ్మ మంచి పిల్ల, అందుకే నాకు తిట్టబుద్ధి కాదు. చిన్నప్పుడు చేసిన పని చేతులు మరిచిపోవని, అలాంటి పని మళ్ళీ చేతికిస్తే మనసు కుదుటపడుతుందని ఎక్కడో నేర్చుకుంది. వడ్రంగితో ఒక చట్రం చేయించింది. గాడులు పెట్టిన సన్నటి చెక్కపట్టీలు, ఒక్కో గాడిలో ఒక్కో పుల్ల పరచాలి, పట్టీ మీద పట్టీ పేర్చుకుంటూ పోతే చట్రం నిండుతుంది. గుడియాత్తం నుంచి మందు అంటించని ఉత్త పుల్లలు తెప్పించింది. తెచ్చి, పెద్దమ్మ ముందర బల్ల మీద పెట్టింది.

అబ్బబ్బ, ఆ చేతులు! అన్నం ముద్ద నోటిదాకా తీసుకుపోవడానికి తడబడే వేళ్ళు, పుల్లలు కనబడగానే పరుగందుకున్నాయి. గుప్పెడు తీసుకుని పట్టీ మీద అలా దొర్లిస్తే చాలు, పుల్లలు వాటంతట అవే గాడుల్లో పడుతున్నాయా అనిపించేది. హాలంతా చప్పట్లు. ఎవరో ఫోనులో వీడియో తీశారు. మా అత్తకి కూడా ఒక పట్టీ ఇస్తే, ఆమె పెళ్ళికి విస్తళ్ళు కుడుతున్నాననుకుందో ఏమో, పుల్లలు అడ్డదిడ్డంగా పెట్టింది. పెద్దమ్మ ఆమె చేతి మీద ఒక్కటి వేసింది.

"సరిగ్గా పెట్టు మే! మేస్త్రి చూస్తే దెబ్బలు పడేది నీకు గాదు, నాకు."

అందరూ నవ్వారు. టీచరమ్మకి కళ్ళు చెమ్మగిల్లాయి, సంతోషంతో.

ఆ తర్వాత నుంచీ పెద్దమ్మ తలుపు దగ్గర కూర్చోవడం మానేసింది. రాగానే నేరుగా బల్ల దగ్గరికే. బస్సు వచ్చిందా అని అడగడం లేదు, గేటు మాట లేదు. ముందటి కంటే నెమ్మదించింది చూశారా అని టీచరమ్మ అందరికీ చెప్పుకునేది. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను. టీ మీద మీగడ కట్టి చల్లారిపోతోంది. పెదాలు ఎండిపోతున్నాయి. పాట పాడదు, బంతి పట్టదు. వేలెత్తి నిలబడడం కూడా లేదు. చెబితే వినేదెవరు? నేనెవర్ని, పట్టుచీర ముసలమ్మకి కాపలా వచ్చిన కోడల్ని.

ఒక మధ్యాహ్నం కూతురు వచ్చి ఇంటికి పోదాం లెమ్మంది. పెద్దమ్మ లేవలేదు.

"చట్రం నిండలా."

"చాలు పాట్టీ, రొంబ నల్లా చేశారు, ఇంక వీట్టుకి పోలాం," అని, చాలా బాగా చేశావవ్వా ఇంక ఇంటికి పోదామని, టీచరమ్మ తనకొచ్చిన తెలుగు కలిపి బతిమాలింది.

"నువ్వు చెప్తే ఎట్ల? మేస్త్రి చెప్పల్ల," అంది పెద్దమ్మ. వేళ్ళు ఆగలేదు. కూతురు భుజం పట్టుకుని లేపబోతే, బల్లని రెండు చేతులా కరుచుకుని ఒక్క కేక పెట్టింది. హాలంతా ఇటు తిరిగింది. అప్పుడు చూశాం, కుర్చీ కింద నేల తడి. ఆమె కూడా చూసుకుంది. చిన్నపిల్లలాగా చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని, తల దించుకుని, మళ్ళీ పుల్లలు పరచడం మొదలుపెట్టింది. కన్నీళ్ళు పట్టీ మీద పడుతున్నాయి. పుల్లలు తడుస్తాయని కొంగుతో తుడుస్తోంది.

కూతురు ఏడుస్తోంది. టీచరమ్మ మొహంలో రక్తం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదనో తెలియదు, ఆ మేస్త్రి మీదనా, గుడియాత్తం మీదనా, ఇంత వయసొచ్చినా చేతుల్ని వదలని ఆ పుల్లల మీదనా. లేచి నిలబడి, బజారులో కేకేసినట్టు కేకేశాను.

"పెద్దమ్మా! తలైవర్ వచ్చినాడంట! గేటు తీసినారు!"

వేళ్ళు ఆగాయి.

"నిజంగానా?"

"మేనేజరే తీయించినాడు. అందురూ రావల్లంట, తొందరగా! సీక్రం!"

ఆమె కంటే ముందు కళగాల ముసలాయనలు లేచారు. "ఎవరు? ఏ తలైవర్?" అని ఒకాయన. "మీ తలైవరే," అన్నాను. "మరి మావాడు?" అని రెండో ఆయన. "ఆయనా వచ్చినాడు, పదండి!" అన్నాను. ఇద్దరూ భుజం మీది తువ్వాళ్ళు తీసి చేతికర్రలకి కట్టుకున్నారు. మా అత్త పెళ్ళికొడుకు ఊరేగింపు వచ్చేసిందని కొంగు సర్దుకుని ముందుకు నడిచింది. హాలు మొత్తం కదిలింది. పెద్దమ్మ చట్రం వైపు ఒకసారి చూసింది, నా వైపు చూసింది, సంచి తీసుకుంది.

మండపం గేటు దగ్గర ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది, ఎవరైనా అరుస్తారేమోనని. ఎవరూ అరవలేదు. అప్పుడు కాలు బయట పెట్టింది. ఎదురుగా ఎండ. ఆ అమ్మాయి రోడ్డు దాటి పోయి ఎర్ర ఐసు తెచ్చింది. కొనిచ్చిన కూతురి చెయ్యి వాసన చూసి, తలూపి, తడిసిన చీరతోనే నిలబడి తిన్నది పెద్దమ్మ. మోచెయ్యి దాకా కారింది.

ఆ చట్రాన్ని టీచరమ్మ తనే తీసుకుపోయి ఎక్కడో పెట్టేసింది, మళ్ళీ తేలేదు. ఆ తర్వాత నుంచీ అక్కడ ఏ ఆట ఆడించినా చివరికి ఊరేగింపుతోనే ముగించేది. నాయకుడు ఎవరని ఎవరూ అడగలేదు. నన్నడిగితే, ఆ హాల్లో ఆడించిన ఆటలన్నిటిలోనూ పనికొచ్చింది అదొక్కటే.

కానీ ఆ జబ్బు ఆగేది కాదు కదా. వానాకాలంలో పెద్దమ్మ స్నానాల గదిలో జారిపడింది, తర్వాత హాలుకి రాలేదు. ఒకసారి చూడ్డానికి పోయాను. అత్తను పైన పెట్టి బీగం వేసి, మా ఆయనకి ఒక మాట చెప్పి, పరుగు పరుగున పోయాను. పోయినంతసేపూ గుత్తి గుప్పిట్లోనే ఉంది, అది కూడా చూసుకోలేదు.

మంచం మీద దుప్పటంత పల్చగా ఉంది. కళ్ళు మూసుకునే ఉంది. వేళ్ళు మాత్రం దుప్పటి అంచు వెంబడి నడుస్తున్నాయి. పుల్ల తీసి గాడిలో పెట్టడం, పుల్ల తీసి గాడిలో పెట్టడం.

"రెయ్యింబగుళ్ళు ఇదే పనక్కా," అంది కూతురు. "నిద్రే లేదు. నువ్వు చెప్తే వింటాదేమో, చెప్పక్కా."

మంచం మీద కూర్చుని, చెవి దగ్గరికి వంగి చెప్పాను. "పెద్దమ్మా, గేటు తీసినారు."

కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టిందో లేదో. వేళ్ళు ఆగాయి.

"నీకూ తీసినారామ్మా?"

ఇలా అడుగుతుందని నేను అనుకోలేదు. "తీసినారు పెద్దమ్మా," అన్నాను.

నా చెయ్యి పట్టుకుంది. మెల్లగా ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూసింది. అరచేతిలో ఇనుము వాసన ఉంటుంది కదా, గుత్తి పట్టుకుని పట్టుకుని.

"బీగంచెవి నీ కాడనే ఉండాది గదమ్మా," అంది. నిష్ఠూరం లేదు ఆ మాటలో. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పి, చెయ్యి వదిలేసి, మళ్ళీ దుప్పటి అంచు అందుకుంది.

అదే ఆఖరు. మళ్ళీ పోలేదు, పోవడానికి ధైర్యం చాలలేదు.

ఆ అమ్మాయి కర్పూరం పొట్లం తీసుకుని వెళ్ళిపోయాక, కొట్లో అగ్గిపెట్టె అలాగే బల్ల మీద ఉండిపోయింది. పైనుంచి తలుపు తడుతున్న చప్పుడు. మా అత్త ఈ వేళకి రోజూ తడుతుంది, కాసేపు తట్టి ఊరుకుంటుంది. మా ఆయన నా వైపు చూశాడు. నేను గుత్తి తీసుకుని మెట్లెక్కాను.

తలుపు తీస్తే, మా అత్త పట్టుచీర సగం చుట్టుకుని నిలబడి ఉంది.

"ఎంతసేపు మే! ముహూర్తం దాటిపోతా ఉండాది."

"గేటు తీసినారత్తా. పోదాం పా," అన్నాను.

చీర సరిగ్గా కట్టి, చెయ్యి పట్టుకుని మెట్లు దించాను. కొట్టు ముందర నుంచే పోయాం, మా ఆయన యాడికి యాడికి అని అరుస్తూనే ఉన్నాడు. బజారంతా నడిచి కోట దాకా పోయాం. ఆమె కనబడిన వాళ్ళందరినీ పెళ్ళికి రమ్మని పిలిచింది. నేను ఐసు కొనిపెట్టాను. పొద్దు వాలేదాకా కోట గోడ దగ్గరే కూర్చున్నాం.

ఆ పూట ఇంటికి బీగం వేయలేదు. మర్నాడు పొద్దున కొట్టు తీసే ముందు, మామూలుగానే వేశాను.